సగటు తోక

"పైన ఉదహరించిన మత్స్యకన్య తోక వదులుగా ఉన్నదని కాంట్రాక్టు ఈత శిక్షకురాలు శ్రీమతి నూకరత్నం చేసిన ఫిర్యాదు విషయమై, సదరు వదులు తోకయందు ఉన్నదో లేక ధరించువారి మనస్సునందు ఉన్నదో నిర్ధారించి, మంత్రివర్యుల పర్యటనకు ముందుగా ధ్రువీకరించవలసినదిగా కోరడమైనది."

ఫైలులో ఉన్నది ఇంతే. అడుగున మా ఎం.డి. సంతకం.

నేను చదివిన మనస్తత్వ శాస్త్రంలో బిగుసుకుపోయిన మనసుల గురించి చాలా ఉంది. వదులైన తోకల గురించి లేదు. ఫైలు మూసి కాసేపు కిటికీలోంచి పూల్ వైపు చూశాను. నీళ్లు నీలంగా, ఏమీ ఎరగనట్టుగా ఉన్నాయి.

నేను జలక్రీడాభివృద్ధి సంస్థలో మనస్తత్వ నిపుణుణ్ణి. ఆటగాళ్లకు ఒత్తిడి ఉంటుంది కాబట్టి ప్రతి క్రీడా సంస్థలోనూ అలాంటివాడొకడు ఉండాలని ఎప్పుడో ఉత్తర్వు వచ్చింది. మా సంస్థలో ఒత్తిడి గల ఆటగాళ్లు లేరు గాని ఉత్తర్వు ఉంది. అందుకని నన్ను వేసుకున్నారు. పీహెచ్‌డీ ఉంది గనక అందరూ డాక్టరు గారంటారు, జ్వరం మాత్రలు అడుగుతారు. నేను కొని సొరుగులో పెట్టుకుని ఇస్తుంటాను. ఒంటరిగా బతికేవాడి గదికి ఎవరో ఒకరు ఏదో ఒకటి అడగడానికి రావడం మంచిదే. నాకు ఈత వచ్చా అని మాత్రం ఇన్నేళ్లలో ఎవరూ అడగలేదు. రాదు.

తోక సంగతి మొదటినుంచీ చెప్పాలి.

నూకరత్నం వేసవి శిబిరంలో చిన్నపిల్లలకు ఈత నేర్పుతుంది. సముద్రం ఒడ్డున పుట్టిన మనిషి. నీళ్లలో ఆమె నడకే వేరు. ఆ ఏడాది వచ్చిన పిల్లలు మాత్రం తల ముంచమంటే చాలు, ముక్కు పట్టుకుని ఏడుపు లంకించుకునేవాళ్లు. బతిమాలింది, బిస్కెట్లు ఇచ్చింది, పాటలు పాడింది. లాభం లేకపోయింది. ఒకరోజు ఇంట్లో కుట్టుకొచ్చిన మత్స్యకన్య తోక వేసుకుని, ఎవరికీ చెప్పకుండా పూల్ అడుగున ఈ చివరనుంచి ఆ చివరకు వెళ్లిపోయింది. ఒడ్డున గొడ్డులా అరుస్తున్న పిల్లలందరూ ఆమెను చూడ్డానికి ఒక్కసారిగా తలలు ముంచేశారు. మళ్లీ ఎత్తమంటే ఎత్తలేదు.

ఎవరో తల్లి అది ఫోనులో తీసింది. అది ఊరంతా తిరిగి, చివరికి మంత్రిగారి మనవరాలి చేతిలో పడింది. మంత్రిగారు చూసి, "బాగుందయ్యా, ప్రతి పూల్‌లోనూ ఒకటుంటే!" అన్నారట. భోంచేస్తూ అన్నారని కొందరు, చెయ్యి కడుక్కుంటూ అన్నారని కొందరు. ఎలా అన్నా, మర్నాటికి అది ప్రభుత్వ విధానమైంది.

మా ఎం.డి. త్రినాథరావుగారు అత్యవసర సమావేశం పిలిచారు.

"మనకు సముద్రం ఉంది. కొలను ఉంది. సిబ్బంది ఉన్నారు. కాని మత్స్యకన్య లేదు. దీన్ని మనం ఒక లోటుగా గుర్తించి, నిర్దిష్ట కాలపరిమితిలో అధిగమించాలి," అన్నారు.

వెనక కుర్చీలోంచి నూకరత్నం, "నా తోకుంది కదండీ సార్," అంది.

స్టోర్సు ఆఫీసరు సన్యాసిరావు జాలిగా ఆమెవైపు తిరిగాడు. "అది ప్రైవేటు తోకమ్మా. ప్రభుత్వ నీళ్లలో ప్రైవేటు తోక ఆడిందనుకో, రేపు ఆడిట్ వాళ్లు వచ్చి కూర్చుంటారు. ఆ నీళ్లకి నువ్వు అద్దె కట్టావా అంటారు. ఏం చెప్తావు?"

"అలాగైతే నా కొలతలతో ఇంకోటి కుట్టించండి."

అందరూ ఎం.డి.గారి వైపు చూశారు. ఎవరో నీళ్ల సీసా మూత బిగించారు.

ఇక్కడ మా సంస్థ ఆచారం ఒకటి చెప్పాలి. మా దగ్గర ఎవరి కొలతలతోనూ ఏదీ కుట్టరు. పూర్వం ఒక వాచ్‌మన్ కొలతలు తీసుకుని వాచ్‌మన్లందరికీ చొక్కాలు కుట్టిస్తే, అతను ఎవరి మనిషి, అతని ఛాతీకే ఈ గౌరవం ఎందుకు అని ఆకాశరామన్న ఉత్తరం వచ్చిందట. విచారణ జరిగిందట. అప్పటినుంచి ఏ బట్ట కుట్టాలన్నా సిబ్బంది అందరి కొలతలూ తీసుకుని, కలిపి, తలలతో భాగించి, వచ్చిన సగటుతో కుట్టిస్తారు. ఆ చొక్కా ఎవరికీ సరిపోదు. అందువల్ల ఎవరూ ఫిర్యాదు చెయ్యరు. అందరికీ సమానంగా సరిపోకపోవడాన్నే మావాళ్లు న్యాయం అంటారు.

కాబట్టి తోకకు కూడా అందరి కొలతలూ తీశారు. టైలరును పిలిపించి వరండాలో తెర కట్టారు. గుమాస్తాలు, తోటమాలి, టికెట్లు చింపే ఆవిడ, అందరూ ఫైళ్లు చంకన పెట్టుకుని వరసలో నిలబడి, తమ వంతు రాగానే రెండు కాళ్లూ దగ్గరగా పెట్టి కొలిపించుకున్నారు. సన్యాసిరావు పొట్ట దగ్గర టేపు చాల్లేదు. "అంచనాగా రాసుకో," అన్నాడు. ఎం.డి.గారి కొలతలు ఆయన గదిలోనే, ఏసీ వేసి తీశారు. నావీ తీశారు. తెర వెనక టైలరు, "మీరేటి బాబూ, ఇలాగున్నారు?" అన్నాడు. ఎలా ఉన్నానో చెప్పలేదు. ఆ మాట చాలా రోజులు నన్ను వదల్లేదు.

తర్వాత కమిటీ కూర్చుంది. సగటు తోకను మరింత మెరుగుపరిచింది.

"రేపు ఎవరు వేసుకుంటారో మనకు తెలియదు. లావెక్కవచ్చు, పొడుగెదగవచ్చు. బడిపిల్లల లాగులకు వేసినట్టు లోపల మడతలు వెయ్యండి," అన్నారు ఎం.డి.

"గుడ్డ పల్చగా ఉంటే నాలుగు రోజులు మన్నదండి," అన్నాడు సన్యాసిరావు.

గుడ్డ నియోప్రీన్. సముద్రంలోకి దిగే డైవర్ల సూట్లకు వాడే స్పాంజి రబ్బరు. దొరికిన వాటిలో అన్నిటికన్నా మందమైనది తెప్పించారు. పరుపులా ఉంది.

ఇంతలో సన్యాసిరావుకే ఒక చిక్కు తట్టింది. స్టోర్సు నిబంధనల ప్రకారం నడుము కింద తొడుక్కునేది ఏదైనా రెండు కాళ్లు కలిగి ఉండాలి. తోకకు ఒకటే కాలు. నిబంధన మార్చాలంటే రాజధానికి రాయాలి. చివరికి బయటినుంచి తోకగానూ, లోపలినుంచి పైజామాగానూ ఉండేలా అస్తరు వేసి, బొందు పెట్టించారు. గుర్తింపు కార్డు కోసం తుంటి దగ్గర జేబు పెట్టించారు. తోక తయారైంది. కమిటీ దాన్ని బల్లమీద పరిచి, టేపు పెట్టి చూసి, కాగితం మీది కొలతలకు వెంట్రుకవాసి తేడా లేదని, అత్యంత సంతృప్తికరంగా సరిపోయిందని సంతకాలు చేసింది. ఎవరికి సరిపోయిందని ఎవరూ అడగలేదు.

మర్నాడు నూకరత్నం అది కట్టుకుని లోతువైపు దిగింది.

మేమంతా గట్టుమీద నిలబడ్డాం. మందపాటి నియోప్రీన్ బెండులా తేలుతుంది. పైగా మడతల్లో గాలి నిండింది. తోక పైకి లేచింది, ఆమె తల కిందికి పోయింది. కాసేపు తోక ఒక్కటే నీళ్లమీద ధ్వజస్తంభంలా నిలబడి అటూ ఇటూ ఊగింది. తర్వాత నూకరత్నం నీళ్లకింద బొందు తెంపుకుని, ఎక్కడో దూరంగా తేలి, గట్టు పట్టుకుని దగ్గింది. కళ్లు ఎర్రబడ్డాయి. చాలాసేపు దగ్గుతూనే ఉంది. తోక మాత్రం హుందాగా పూల్ మధ్యకు తేలుకుంటూ వెళ్లింది.

"తోక బ్రహ్మాండంగా ఈదుతోంది," అన్నారు ఎం.డి.

"అవునండి. మనిషే మునిగిపోయింది," అన్నాడు సన్యాసిరావు.

"కాబట్టి లోపం మనిషిలో ఉంది."

"వదులుగా ఉంది సార్. నీళ్లు దూరిపోతన్నాయి," అంది నూకరత్నం, దగ్గుల మధ్య.

"వదులు అనేది ఒక భావన," అన్నారు ఎం.డి. చుట్టూ చూశారు. ఆయన చూపు నామీద ఆగింది. సంస్థలో చేరాక మొదటిసారి నేను అవసరపడ్డాను.

విషయం ఇది. ఆదివారం మంత్రిగారు వచ్చి మత్స్యకన్యను ప్రారంభిస్తారు. నూకరత్నం కాంట్రాక్టు ఈ నెలతో సరి. దాన్ని పొడిగించే ఫైలు ఎం.డి. బల్లమీద ఉంది. తోక వేసుకోనంటే ఫైలు కదలదు. వేసుకుంటే ఆమె తేలుతుందో లేదో ఎవరికీ తెలియదు.

ఇంటి వాతావరణం చూడకుండా మనసును అంచనా వెయ్యరాదని శాస్త్రం. శనివారం పొద్దున నూకరత్నం ఇంటికి వెళ్లాను.

ముందుగదిలో మంచం గోడకు నిలబెట్టి ఉంది. నేలమీద పాత దుప్పటి. దానిమీద నూకరత్నం వెల్లకిలా పడుకుని, కాళ్లు జోడించి, పాదాలు కొస చాచి ఉంది. ఆమె మేనత్త పైడమ్మ మోకాళ్లమీద పాకుతూ చుట్టూ సుద్దతో గీత గీస్తోంది.

"కదలకే గుంటా! సచ్చినోల్లకి పోలీసోల్లు గీసినట్టు గీత్తన్నాను, పేనమున్నట్టు కదిలితే ఎలాగ?" అంటోంది. నన్ను చూసి లేచింది. "ఎవరు బాబూ?"

"డాక్టరు గారత్తా. తోక గురించి వచ్చారు."

"ఏటి, తోకకి డాక్టరా! నాకు జొరమొచ్చి మూడు దినాలు పడుంటే ఒక్కడూ రానేదు."

సొరుగులోని మాత్రలు గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. కుర్చీ చూపించారు. కూర్చున్నాను.

పాత తోక మోకాళ్ల దగ్గర కుట్టు విడిపోయిందట. కొత్తది కుట్టుకుంటోంది. "ఆదివారం ఇది వేసుకోనివ్వరు, నాకు తెలుసు. అయినా చెయ్యి ఊరుకోదండీ," అంది. దుప్పటిమీది గీత చూసుకుంటూ నడుము, తుంటి, తొడ, మోకాలు, పిక్క, చీలమండ, ఒక్కోచోట టేపు చుట్టి అంకెలు అత్తచేత చదివించుకుని అరచేతిమీద రాసుకుంది. తర్వాత పల్చటి నియోప్రీన్ రెండు మడతలు వేసి, గీతకు లోపలగా కత్తెర పెట్టింది.

"మీకన్నా చిన్నగా కత్తిరిస్తున్నారు," అన్నాను.

"సాగుతది కదండీ. ఒంటికన్నా కాస్త చిన్నదుంటేనే ఒంటికి సరిపోద్ది. వదులుంటే నీళ్లు దూరతాయి. దూరితే తోక దారి తోకది, మన దారి మనది."

నేను జీవితమంతా ఒక సైజు పెద్ద చొక్కాలు కొనుక్కున్నాను. నాకూ నా చొక్కాకూ మధ్య ఎప్పుడూ కొంత గాలి ఉంటుంది. నాకూ మనుషులకూ మధ్య కూడా. దాన్ని స్వేచ్ఛ అనుకుంటూ వచ్చాను. ఆ అభిప్రాయం మీద ఇదివరకు ఎవరూ కత్తెర పెట్టలేదు.

అంచులకు రబ్బరు జిగురు రాసి, ఆరీ ఆరకుండా ఉన్నప్పుడు ఒకదానికొకటి అదిమి, జిగ్‌జాగ్ కుట్టు వేసింది. మామూలు కుట్టు వేస్తే గుడ్డ సాగినప్పుడు దారం తెగుతుందట. రబ్బరు మిషను పాదానికి అతుక్కుని కదల్లేదు. పైడమ్మ మొహానికి రాసుకునే పౌడరు తెచ్చి గుడ్డమీద చల్లింది. మిషను మూలుగుతూ సాగింది.

"మోకాళ్ల దగ్గర ఒక్కసారిగా సన్నం చెయ్యకూడదండీ. నా మొదటి తోక అలాగే పాడు చేశాను. అందంగా ఉంటదని బిగించేశాను. వంగలేక పూల్ మధ్యన కర్రలాగ ఉండిపోయాను. తోటమాలి కొబ్బరికాయలు దింపే గెడ పెట్టి లాగాడు."

"తల్లో పువ్వులు కూడా ఎట్టుకుంది బాబూ ఆ దినం," అంది పైడమ్మ, పగలబడి నవ్వుతూ.

కింద పాదాలకు రెంటికీ కలిపి ప్లాస్టిక్ రెక్క ఇరికించి, తోక కొసను దానిచుట్టూ మూసేసింది. చెయ్యాల్సిన పని గుర్తొచ్చి గొంతు సవరించుకున్నాను.

"నూకరత్నం గారూ, మీకు నీళ్లంటే భయమా?"

పైడమ్మ జవాబిచ్చింది. "దీనికి నేలంటే బయం బాబూ. రోడ్డు దాటనేదు. నాను సెయ్యట్టుకోవాల."

"ఆ తోకంటే భయమే," అంది నూకరత్నం. మిషను ఆపింది. "మీరు మనసులోనే ఉందని రాసెయ్యండి డాక్టరు గారూ. నేనేం అనుకోను. కాంట్రాక్టు ఉంటది."

"అలా రాస్తే రేపు అందులో దిగాలి."

"దిగుతాను. ఊపిరి పట్టుకుంటాను."

"ఎంతసేపే?" అంది పైడమ్మ. ఆమె నవ్వడం మానేసింది.

నూకరత్నం పళ్లతో దారం తెంపింది. దుప్పటిమీద తెల్ల సుద్దగీత, కాళ్లు జోడించిన మనిషి ఆకారం, ఖాళీగా పడి ఉంది.

ఆఫీసుకు వెళ్లి, "వదులు తోకయందే ఉన్నది," అని రాసి సంతకం పెట్టాను.

పది నిమిషాల్లో ఎం.డి.గారు పిలిపించారు. ఎదురుగా సన్యాసిరావు.

"డాక్టరు గారూ, దీని పర్యవసానం ఆలోచించారా? ఇది సంతృప్తికరంగా సరిపోయిందని మేమంతా సంతకాలు చేశాం. వదులు తోకలో ఉంటే, మా మనసుల్లో ఏమున్నట్టు?"

"అది కూడా పరీక్షించవచ్చు సార్," అన్నాను. వృత్తిరీత్యా అన్నాను. ఆయన బెదిరింపుగా తీసుకున్నారు. రంగు మారింది.

సన్యాసిరావు గడ్డం గోక్కున్నాడు. "సార్, కోపగించుకోకండి. ఈ తోక ఆకాశం నుంచి ఊడిపడలేదు. మనందరి కొలతల్లోంచి వచ్చింది. అంటే మనలో ఎవరికో ఒకరికి సరిపోయి తీరాలి. తోకను మనిషికి సరిచెయ్యడం ఆడిట్‌కి విరుద్ధం. మనిషిని తోకకు వెతకడానికి ఏ అభ్యంతరమూ లేదు."

ఎం.డి.గారు లేచి అతని భుజం తట్టారు.

మళ్లీ వరండాలో తెర, వరస. మొదట ఎం.డి.గారే ప్రయత్నించారు. తోక తొడల దగ్గర ఆగిపోయింది. "నేను సగటుకు పైన ఉన్నాను," అని ఒప్పుకుని ఆనందంగా బయటికొచ్చారు. సన్యాసిరావుకు మోకాళ్ల దగ్గరే ఆగింది. లాగడానికి ఇద్దరు, పట్టుకోడానికి ఒకరు కావలసి వచ్చారు. టికెట్లు చింపే ఆవిడ ఒక చివరనుంచి దిగి రెండో చివరకు కనబడకుండా పోయింది. తోటమాలి అందులో నిలబడి, "పంచె మీద వేసుకోవచ్చా బాబూ?" అని అడిగి అనర్హుడయ్యాడు. సాయంత్రానికి ఎవరూ మిగల్లేదు, నేను తప్ప.

నాకు సరిపోయింది.

నడుము దగ్గర, తుంటి దగ్గర, పిక్కల దగ్గర, మడతలు సహా, పోతపోసినట్టు సరిపోయింది. బొందు కట్టక్కర్లేకపోయింది. సన్యాసిరావు నా చుట్టూ ప్రదక్షిణం చేసి, "మీకోసమే కుట్టించినట్టుంది డాక్టరు గారూ!" అన్నాడు. అందరూ చప్పట్లు కొట్టారు.

సగటు మనిషి లెక్కలో ఉంటాడే గాని లోకంలో ఉండడని, ఈ ఉద్యోగంలోకి రాకముందు పాఠాలు చెప్పే రోజుల్లో విద్యార్థులకు ఏటా చెప్పేవాణ్ణి, చెబుతూ నవ్వేవాణ్ణి కూడా. ఆ వరండాలో, తోకలో నిలబడి, టైలరు తెర వెనక ఎందుకు ఆశ్చర్యపోయాడో తెలుసుకున్నాను. నాలో ఏదీ ఎక్కువ కాదు, ఏదీ తక్కువ కాదు. నేను వీళ్లందరినీ కలిపి భాగిస్తే వచ్చినవాణ్ణి. ఇంతకాలం వీళ్లకు దూరంగా ఉన్నాననుకున్నాను. నిజం చెప్పాలంటే ఒక్క క్షణం హాయిగా ఉంది. ఇంతవరకు ఏ బట్టా నన్నలా పట్టుకోలేదు.

"కాని కన్య అంటే..." అని ఎవరో గొణిగారు.

"డాక్టరు గారికి పెళ్లి కాలేదండి," అన్నాడు సన్యాసిరావు.

"ఇక అభ్యంతరం లేదు," అన్నారు ఎం.డి.

"నాకు ఈత రాదు సార్," అన్నాను.

"ఈత ప్రస్తావన ఉత్తర్వుల్లో ఎక్కడా లేదు. మీరు సిమెంటు బండమీద కూర్చుని చెయ్యి ఊపండి. మిగతాది మేం చూసుకుంటాం." ఆయన ఫైలు తిప్పారు. "మత్స్యకన్య సంస్థలోనే లభ్యమైనందున, శిక్షకురాలి కాంట్రాక్టు పొడిగింపు అవసరం లేదని భావించడమైనది."

బయట మెట్లమీద నూకరత్నం కూర్చుని ఉంది. కబురు నాకంటే ముందే చేరింది.

"మంచి పని చేశారండీ. నా ప్రాణం కాపాడి, నా ఉద్యోగం మీరు తొడుక్కున్నారు," అంది.

కోపంగా అనలేదు. నేను రాసింది నిజం. నిజం రాస్తే ఏం జరుగుతుందో మా పుస్తకాల్లో ఎక్కడా లేదు.

ఆదివారం బ్యాండు మేళం, షామియానా, బంతిపూల తోరణాలు. నన్ను ముందే నలుగురు మోసుకెళ్లి లోతువైపు కట్టిన సిమెంటు బండమీద కూర్చోబెట్టారు. శిబిరం పిల్లలు వరసగా నిలబడి నన్ను చూసి, తర్వాత ఒకరినొకరు చూసుకున్నారు. ఒకడు, "అది మాత్రల మావయ్యరా," అన్నాడు.

నూకరత్నానికి నెలాఖరు దాకా డ్యూటీ ఉంది. నిచ్చెన దగ్గర గట్టుమీద కూర్చుని ఉంది, నడుమునుంచి కిందకి పెద్ద తువ్వాలు కప్పుకుని. తువ్వాలు కిందినుంచి కొత్త తోక కొస మెరుస్తోంది. సన్యాసిరావు అటు వెళ్లి ఏదో అన్నాడు. "ఆఖరి డ్యూటీ కదండీ. నా బట్టల్లో చేసుకుంటాను," అన్న మాట మాత్రం వినబడింది.

మంత్రిగారు వచ్చారు, మాట్లాడారు, రిబ్బను కత్తిరించారు. నేను చెయ్యి ఊపాను. ఆయన మనవరాలు ఆయన చొక్కా లాగింది.

"తాతా, ఈదదా అది?"

"ఈదుతుందమ్మా. ఈదు బాబూ, ఈదు!" అన్నారాయన చనువుగా.

ఎం.డి.గారు నావైపు చూశారు. ఆయన చెయ్యి కిందికి దిగమన్నట్టు మెల్లగా కదిలింది. ఇరవై ఏళ్ల ఉద్యోగం మనిషికి ఏం నేర్పుతుందో అప్పుడు అర్థమైంది. నా బుద్ధి వద్దంటూ ఉండగానే నా శరీరం ఉత్తర్వు పాటించింది. బండమీదినుంచి జారాను.

తోక పైకి, నేను కిందికి. చివరి క్షణాల్లో మనసులో ఏం మెదులుతుందో నేను చాలా చదివాను. ఏమీ మెదల్లేదు. ముక్కులో నీళ్లు, అంతే. పైన తోక నిటారుగా నిలిచి, నేను కాళ్లు కొట్టుకున్నప్పుడల్లా ఠీవిగా ఊగిందట. చప్పట్లు మోగాయట. మంత్రిగారు, "ఆహా, ఏం సాధన!" అన్నారట.

అప్పుడు అడుగునుంచి వెండిరంగు నీడ ఒకటి వచ్చింది. ఒక్క మడత లేదు, ఒక్క ముడత లేదు. నడుము దగ్గర మొదలైన అల తోక కొసదాకా సాగి నన్ను చుట్టేసింది. మరుక్షణం నా తల గాలిలో ఉంది, గడ్డం నూకరత్నం మోచేతి మీద ఉంది.

"కాళ్లు కొట్టకండి. పడుకోండి. పసిపిల్లాడిలాగ పడుకోండి," అంటోంది.

పడుకున్నాను. గట్టుమీద జనం లేచి నిలబడి ఉన్నారు. పైడమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఉంది. ఎం.డి.గారు కుర్చీ వెనక్కి చేరారు. ముందుగా గొంతు విప్పింది మంత్రిగారే.

"అద్భుతం! ఒకటి మునగడం, ఒకటి కాపాడటం! ఇందులో కథ ఉందయ్యా త్రినాథరావూ! సందేశం ఉంది! ప్రతి పూల్‌లోనూ ఇలా జంటగా పెట్టండి!"

"మొదటినుంచీ మా ఆలోచన అదేనండి," అన్నారు ఎం.డి.గారు కుర్చీ వెనకనుంచి.

వారం తిరగకుండా ఉత్తర్వులు వచ్చాయి. మా సంస్థలో ఇప్పుడు రెండు పదవులు: మునుగు మత్స్యకన్య, కాపాడు మత్స్యకన్య. నూకరత్నం సొంత తోక గురించి సన్యాసిరావు మూడు రోజులు ఆలోచించి, అది బట్ట కాదు, ప్రాణరక్షణ పరికరమని తేల్చాడు. పరికరానికి సగటు వర్తించదు. ఆమె తన కొలతలతో కుట్టుకోవచ్చు. నియోప్రీన్ కూడా సంస్థే ఇస్తుంది. కాంట్రాక్టు పొడిగించారు. షరతు ఒక్కటే: "మునుగువారు లభ్యమైనంత కాలం మాత్రమే."

ప్రతి ఆదివారం నేను మునుగుతున్నాను. ఇతర జిల్లాలనుంచి అధికారులు వచ్చి చూసి రాసుకుంటున్నారు. వాళ్ల పూల్స్‌లోనూ సగటు తోకలు తయారవుతున్నాయి, సరిపోయేవాళ్లకోసం వెతుకుతున్నారు. వారం మధ్యలో నా గది ముందు వరస ఉంటోంది. మాత్రలకు కాదు, మాట్లాడ్డానికి. మునిగినవాడితో మనుషులు అన్నీ చెప్పుకుంటారు. పైడమ్మ ప్రతి ఆదివారం ముందు వరసలో కూర్చుంటుంది. "ఇయాల బాగా మునిగావు బాబూ," అని ఒకసారి, "మనసెట్టి మునగనేదు," అని ఒకసారి చెప్పి వెళుతుంది.

మొన్న ఆదివారం చిన్న సంఘటన జరిగింది. ఎప్పటిలాగే జారాను. ఎప్పటిలాగే తోక లేచింది. ఊపిరి పట్టుకుని చీకటి చూస్తూ ఉండగా, నా ప్రమేయం లేకుండా నా నడుము వంగింది. వంగి, తిరిగింది. చేతులు నీళ్లను పక్కకు తోశాయి. మొహానికి గాలి తాకింది. చుట్టూ చూశాను. తోక వెనకాల బుద్ధిగా పరుచుకుని ఉంది, గట్టు దగ్గర్లోనే ఉంది, నేను తేలుతున్నాను. ఇంకో రెండు బారలు వేస్తే చేరిపోతాను.

జనం ఇంకా తోకనే చూస్తున్నారు. పూల్ ఆ చివర నూకరత్నం టోపీ సర్దుకుని, నాకోసం నీళ్లలోకి దిగుతోంది.

ఊపిరి వదిలేశాను. చేతులు ముడుచుకుని, తల కిందికి పెట్టి, శ్రద్ధగా మునిగాను. ఆమె వచ్చేసరికి కొంచెం ఎక్కువసేపే అయింది. ఎదురు చూశాను. వచ్చింది, గడ్డం కింద మోచెయ్యి వేసింది, పైకి తెచ్చింది.

"ఇవాళ తేలిగ్గా ఉన్నారేటండీ?" అంది చెవిలో.

"తేలిపోతానేమోనని భయంగా ఉంది," అన్నాను.

నన్ను లాక్కుపోతూనే ఉంది.

"అలాగైతే కాస్త కొట్టుకోండి మరి," అంది. "మా అత్త చూస్తోంది."

కొట్టుకున్నాను.